కత్తిపీటా, పనసకాయా, మీ పది వేళ్లూ

ఏమండీ, డ్యూటీకి పోతున్నాను, మిమ్మల్ని లేపలేదు. సాయంత్రం మనింటికి ప్రార్థనకి వచ్చేవాళ్లకి పనసకాయ స్వయంగా కోసి పెడతానని పాస్టరుగారి ముందు గొప్పలు పోయారు కదా, ఇక చదవండి.

ముందు రెండు చేతులకీ నూనె రాసుకోండి, లేకపోతే జిగురు వదలదు. కత్తిపీట మీద కుడికాలు గట్టిగా అదిమి కూర్చోండి. పదును మీ వైపే ఉండాలి. కాయని రెండు చేతులా పట్టుకుని కత్తికేసి తోయండి. కత్తి కదలదండీ, కాయే దాని దగ్గరికి వెళ్లాలి. అయ్యాక పీటని పక్కకి పడుకోబెట్టండి.

ఫ్యాక్టరీ గ్లౌజులు మాత్రం వద్దు. కిందటిసారి గ్లౌజు జిగురుకి అతుక్కుపోయి, కాయతోపాటు మీ వేలూ కత్తి మీదికి వెళ్లింది. ఉర్లా ఫ్యాక్టరీలో రెండొందల మందికి సేఫ్టీ నేర్పే మనిషికి మా వార్డులో మూడు కుట్లు! "సిస్టర్, సేఫ్టీ సాబ్ కైసే హైఁ?" అని మీ క్షేమం అడిగి డాక్టరుగారు ఇప్పటికీ నవ్వుతారు. నాకు తల కొట్టేసినట్టుంటుంది.

ఇదంతా రాసి చెప్పులేసుకున్నాక మనసొప్పలేదు. మళ్లీ లోపలికొచ్చి కాయ నేనే కోసి, పసుపునీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. డ్యూటీకి లేటు, ఇవాళ తినే తిట్లన్నీ మీ వల్లే. కత్తిపీట ఎదురింటి సాహూ ఆంటీకి ఇచ్చి వెళ్తున్నాను, మీరడిగినా ఇవ్వదు. పాస్టరుగారికి మీరే కోశారని చెప్పండి, ఆ అబద్ధానికి దేవుణ్ణి నేను క్షమాపణ అడుక్కుంటాను. ఆయన వచ్చినప్పుడు తలుపు తీసేముందు చేతులకి కాస్త నూనె రాసుకోవడం మరిచిపోకండి.