వేలిముద్ర చెల్లదట

నౌఫల్‌కి,

ట్యూనిస్‌లో ఆ కార్మికశాఖ ఆఫీసులో నువ్వు చేసే పనేమిటో పదకొండేళ్ళుగా నాకు చెప్పలేదు. ఇక్కడ బాగానే ఉన్నాం.

కప్పు కూలుతున్న సొరంగంలోకి దిగేది లేదని గనిలో సమ్మె తలపెట్టాం. ఇదివరకు గని గేటుకి తన దీపం తగిలించినవాడు సమ్మెకి ఒప్పుకున్నట్టే. కొత్త చట్టం కాగితం మీద పేరు రాయమంది. చదువురాని అరవైమంది వేలిముద్రలు వేశారు. చెల్లవని మీ ఆఫీసు తిప్పిపంపింది. "నీ కొడుక్కి బొటనవేలు లేదా మామా?" అన్నాడు మాతో గనిలో పనిచేసే ముఖ్తార్, అందరి ముందూ.

మనవరాలు రీమ్‌కి దగ్గు తగ్గిందా? మీ అమ్మ ఖర్జూరాలు పంపుతోంది, డబ్బా తిరిగి పంపు. పిల్లలు చల్లగా ఉండాలి.

వచ్చే గురువారం గేటు దగ్గర ఆ అరవైమందికి మొహం చూపించాలి. ఆ వేలిముద్రలు చెల్లవని రాసింది నువ్వా, కాదా? బుధవారంలోగా జవాబు రావాలి.

మీ నాన్న మహ్జూబ్