ఖాదర్ వలి వర్సెస్ బి.ఏ.

మార్చి 3, 1986. సోమవారం. ఉ. 4.30!
అలారం కంటే ముందే లేచా! మా ప్లీడరు సాంబశివరావు గారు వాడకుండా ఇచ్చిన కోర్టు డైరీలో రాస్తున్నా. ఏడో తరగతి ఫెయిల్ అయిన నేను బి.ఏ. చదవబోతున్నా. ఓపెన్ యూనివర్సిటీ వాళ్ళు సర్టిఫికెట్లు అడగరట. ప్రవేశ పరీక్ష ఒక్కటి పాసైతే చాలు, నేరుగా బి.ఏ.! ఏప్రిల్ 20, ఆదివారం, నరసరావుపేటలో.
ఆ తర్వాత లా. గురజాల కోర్టులో పందొమ్మిదేళ్ళుగా దావాలు రాసేది నేను. సంతకం మాత్రం నిన్నగాక మొన్న నల్లకోటు తొడిగిన జూనియరుది. "ఖాదరూ, టీ!" అంటాడు నాతో. నా దావా కింద నా సంతకం పడాలి. అంతే.

మార్చి 6.
4.30–5.30 లెక్కలు. 5.30–6.30 సాంఘికం. గైడుకు అట్ట వేశా.
వెల్దుర్తి కోటయ్య వాయిదాకి వచ్చాడు. గట్టు తగాదా, తొమ్మిదో ఏడు. కోర్టు వరండాలో గైడు చేతికిచ్చి నన్ను ప్రశ్నలడగమన్నా. ఇరవైకి పద్దెనిమిది!
"నేను నాలుగు దాకా చదివా. నాకూ ఓ ఫారం నింపు గుమాస్తా గారూ."
నవ్వాపుకుంటూ నింపా.

మార్చి 19. ఉ. 6.10.
రాత్రి కరెంటు లేదు. ఉక్క. "అలారం నీకా, నాకా?" అంది మా ఆవిడ జాహెదా. లెక్కలు రేపు.

ఏప్రిల్ 2.
కోటయ్య వాయిదా. నాకు గొంతు బాగాలేదు కాబట్టి అతన్నే జవాబులు చెప్పమన్నా. గైడు ఊరికి పట్టుకుపోతానన్నాడు. ఇచ్చా. నాకెటూ అన్నీ వచ్చు.

ఏప్రిల్ 11. ఉ. 7.00.
కళ్ళజోడు మార్పించాలి. అందాకా చదివితే కళ్ళు పాడవుతాయి.

ఏప్రిల్ 17.
భయంగా ఉంది. ఏడో తరగతి పరీక్ష హాలే గుర్తొస్తోంది. జాహెదాకి కూడా చెప్పలేదు.
పార్టీ సిద్ధంగా లేకపోతే మేమేం చేస్తాం? పిటిషను! "తీవ్ర జ్వరం, దయచేసి మరో తేదీ ఇప్పించగలరు." డాక్టరు సర్టిఫికెట్టు జత. రిజిస్టర్డ్ పోస్టు. నేను రాసిన వాయిదా పిటిషను ఇంతవరకు ఒక్కటీ కొట్టేయలేదు.

ఏప్రిల్ 20. ఆదివారం.
జాహెదాకీ జ్వరమనే చెప్పా. మనసు తేలికైంది. కోడికూర. రెండుసార్లు వడ్డించుకున్నా.

ఏప్రిల్ 22.
కోటయ్య వచ్చాడు. "గేటు కాడ చానాసేపు చూశా మీ కోసం. ఏందయ్యా, రాలేదే?"
"నువ్వు పోయావా?!"
"తారీకిచ్చినాక రాకుండా ఎట్టా? తొమ్మిదేళ్ళలో ఒక్క వాయిదా తప్పానా?"

మే 9.
యూనివర్సిటీ నుంచి కార్డు. వ్యక్తిగత కారణాలతో పరీక్ష వాయిదా వేయరట. వచ్చే ఏడాది కొత్తగా దరఖాస్తు చేసుకోవాలట. అప్పీలు చేద్దామంటే పైకోర్టు కూడా లేదు!

జూన్ 16. సోమవారం.
కోటయ్య పాస్. బి.ఏ. పుస్తకాల కట్టతో వచ్చాడు. నా గైడు తిరిగిచ్చాడు. గట్టు తగాదా రాజీ చేసుకున్నాడట. "చదువుకోవాలయ్యా. ఇంక కోర్టు చుట్టూ తిరిగే తీరికేదీ?"
ఒక పాఠం అర్థం కాలేదంటే వరండాలో కూర్చుని చెప్పా. జూనియరు కూడా నిలబడి విన్నాడు. ఆ పాఠంలో నాకు తెలియనిది ఒక్క ముక్క లేదు. నరసరావుపేట బస్సెక్కడమే చేతకాలేదు.
ఇంటికొచ్చి ఏడ్చా. జాహెదాకి నిజం చెప్పా, జ్వరం కాదు, భయమని.
"ముందే చెబితే నేనొచ్చి ఆ గేటు బయట కూచునేదాన్ని కదయ్యా. వచ్చే ఏడు వస్తాలే" అంది.

జూన్ 17. ఉ. 4.30!
లేచా. జాహెదా లేపింది. గైడు తెరిచా. మొదటి లెక్క చేశా. తప్పు.
రెండోది రేపు.