ఎక్వాలియా కంపు

స్మోలండ్, జూలై 1754

ప్రియమైన తమ్ముడు టోర్బెర్న్‌కు,

"ప్రియమైన" అని చేతి అలవాటు కొద్దీ రాశాను. కొట్టేస్తే కాగితం పాడవుతుందని ఊరుకున్నాను.

నీ కొత్త పుస్తకం వచ్చింది. నా ఇంటికి కాదు, పెద్ద పాదిరీ గారి భార్య ఇంటికి. నన్నూ, మా పిల్ల హెడ్విగ్‌నూ పిలిచి, పదిమందిలో కూర్చోబెట్టి ఆ పేజీ చదివించింది. ఎక్వాలియా. బురదలో పుట్టేది, ముట్టుకుంటే జిగురు, దుర్వాసన, దేనికీ పనికిరాదు. ఒక్కో మాటకీ నా వంక చూసి నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. లోకంలోని మొక్కలన్నిటికీ పేర్లు పెట్టే మొనగాడివి, ఆ కంపు మొక్కకు నీకు ఎక్వాల్ అన్న నా మొగుడి ఇంటిపేరే దొరికిందా?

ఎందుకు చేశావో తెలుసు. కేసరాలు భర్తలనీ, నడుమ ఉన్న అండకోశం భార్య అనీ చెప్పి, ఆ లెక్కన నువ్వు మొక్కలను తరగతులుగా విడదీశావు. "ఒక భార్యకు ఆరుగురు భర్తలా? ఇది దేవుడి తోటా, సానికొంపా?" అని మీ బావ చర్చిలో ప్రసంగపీఠం ఎక్కి అన్నారు. అనకూడని మాటే. ఇంటికి వచ్చాక ఆయనతో పోట్లాడాను కూడా. కానీ ఆయన నోటితో అన్నారు, నువ్వు అచ్చు వేయించావు. అత్త మీద కోపం దుత్త మీద చూపావు. పెళ్లయినా నేను మన నాన్న ఇంటిపేరే మోస్తున్నాను, నాకేం పోయింది? ఎక్వాల్ అన్న పేరు నా పిల్లలది. నిన్న సంతలో హెడ్విగ్‌ను చూసి కుర్రాళ్లు ముక్కు మూసుకున్నారట. నీ ఒళ్లో కూర్చుని పూరేకులు లెక్కపెట్టిన పిల్ల అది.

ఆ పేరు తీసెయ్యి.

మండిపోతున్న నీ అక్క,
సిగ్రిడ్


ఉప్సాలా, ఆగస్టు 1754

కోపంలోనూ ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం తోటలో చదివాను. నా ముఖం చూసి తోటమాలి పక్కకు తప్పుకున్నాడు.

పేరు తీయడం కుదరదు. ఏ మొక్కకైనా మొదట అచ్చయిన పేరే నిలవాలన్న నియమం పెట్టింది నేను. నేను అక్క కోసం తప్పితే, రేపు ఇంకొకడు అత్తగారి కోసం తప్పుతాడు.

ఇక బావ సంగతి. నా వయసంతా ధారపోసి చేసిన పనిని ఆయన సానికొంప అన్నాడు. ఆ ప్రసంగం బిషప్పు దాకా వచ్చింది. మొక్కలు ఏరడానికి పల్లెలకు వెళ్లిన నా శిష్యులకు పాదిరీల ఇళ్లలో పడుకోవడానికి చోటివ్వడం లేదు. వానలో పశువుల కొట్టాల్లో పడుకుంటున్నారు. ఇది నీకు బావ చెప్పాడా?

ఆ మొక్క కిందటి శరత్తులో మీ వైపు బండిలోనే వచ్చింది, పంపినవాళ్ల పేరు లేకుండా. ఎవరో కుర్ర పాదిరీ అయి ఉంటాడు. మొక్కను ఒత్తి పెట్టిన అట్టలు విప్పగానే గదంతా కంపు. నాకు వెంటనే బావ గుర్తొచ్చాడు. నా కళ్లూ, ముక్కూ చెప్పనిది నేను ఎన్నడూ రాయను, అప్పుడూ రాయలేదు.

కుర్రాళ్లను పట్టించుకోవద్దని హెడ్విగ్‌కు చెప్పు. ఈ ఏడు కూడా ఉప్పుచేపల పీపా మరిచిపోకు. కిందటేడు దారిలో నీళ్లు కారిపోయినా, ఆ రుచి ఇక్కడ లేదు.

నీ మొండి తమ్ముడు,
టోర్బెర్న్


స్మోలండ్, జూన్ 1755

టోర్బెర్న్‌కు,

ఈసారి "ప్రియమైన" రాయలేదు, చూసుకో. చలికాలమంతా నేను ఉత్తరం రాయలేదు, చేపలూ పంపలేదు. ఎందుకని నువ్వూ అడగలేదు.

ఆ మొక్కను పంపింది హెడ్విగ్.

మోకాలి లోతు బురదలో దిగి తెచ్చింది. నీ పాత పుస్తకాలన్నీ తిరగేసి, ఇది ఎవరూ చూడని మొక్క అని తేల్చుకుంది. "కొత్త పువ్వు తెస్తే దానికి నీ పేరు పెడతా" అని చిన్నప్పుడు నువ్వే హెడ్విగ్‌కు మాటిచ్చావు. మామయ్యకు ఏమీ రాయొద్దని తండ్రి కట్టడి చేశారు కనుక తన పేరు రాయలేదు. ఒక ఆకు బోర్లా, ఒక ఆకు వెల్లకిలా ఒత్తడం నువ్వు నేర్పిందే కాబట్టి, అది చూసి పోల్చుకుంటావనుకుంది. నాకూ చెప్పకుండా, బండిలో నీకు పంపే చేపల పీపా కింద గడ్డిలో దాచింది.

పెద్ద పాదిరీ గారింట్లో ఎక్వాలియా అన్న మాట వినగానే నా పక్కన హెడ్విగ్ ముఖం వెలిగిపోయింది. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. ఆ తర్వాతి వాక్యం చదివారు.

నవంబరులో తను దాచుకున్న మొక్కలన్నీ రొట్టెల పొయ్యిలో వేసింది. ఆపబోయాను. "దేనికీ పనికిరావమ్మా. మామయ్యే రాశాడుగా" అంది. అప్పుడు చెప్పింది ఇదంతా.

నిన్న నన్ను ఆ బురదనేలకు తీసుకెళ్లమని హెడ్విగ్‌ను అడిగాను. పువ్వు విచ్చి ఉంది. వంగి వాసన చూశాను. తేనె వాసన, టోర్బెర్న్. ముట్టుకుంటే ఆకు పొడిగా ఉంది. నీకు తగిలిన జిగురూ, కంపూ నా ఉప్పుచేపల నీళ్లవి. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే. అది కంపు కొట్టాలని నువ్వు కోరుకున్నావు, అందుకే ఆ కంపు ఎక్కడిదని అడగలేదు.

వేళ్లతో, మట్టితో సహా కుండీలో పంపుతున్నాను. ముక్కు పెట్టి చూడు.

సిగ్రిడ్


ఉప్సాలా, జూలై 1755

అక్కా,

కుండీ వచ్చింది. వాసన చూశాను. నా ముక్కు మీద నమ్మకం పోయి తోటమాలిని కూడా చూడమన్నాను. తేనే అన్నాడు.

తర్వాత పాత అట్ట తీశాను. ఒక ఆకు బోర్లా, ఒక ఆకు వెల్లకిలా. నా శిష్యులెవరికీ అంత శుభ్రంగా ఒత్తడం రాదు. బావ మీద కసితో నేను ఆకుల వంకే చూడలేదు. సిగ్గుగా ఉంది.

పేరు అలాగే ఉంటుంది. కింద వాక్యం మారుస్తున్నాను: తేనె వాసన గలది, స్మోలండ్ బురదనేలలో హెడ్విగ్ ఎక్వాల్ కనుగొన్నది, పేరు ఆమెదే. కానీ పాత ప్రతులు లండన్‌కూ, లైడెన్‌కూ ఎప్పుడో చేరాయి. వాటిని వెనక్కి తెచ్చుకోలేను. ఆ పేజీలో ఉన్న కంపు బావది కాదు, నాది. ఆ మాటే బావకు వేరే ఉత్తరంలో రాశాను. కావాలంటే చర్చిలో చదివి వినిపించుకోమను.

పొయ్యిలో పోయినవి తిరిగి రావు. నా ఇంట్లో గది ఉంది, తోటలో చేతినిండా పని ఉంది. నా ముఖం చూడటానికి దానికి మనసొప్పుతుందో లేదో అడుగు.

ఈ ఏడు చేపలు పంపకు. హెడ్విగ్‌ను పంపు.

"ప్రియమైన" అని మళ్లీ రాయించుకోవాలని ఉన్న నీ తమ్ముడు,
టోర్బెర్న్