మూత కింద సూది

ఆసుపత్రి, జూన్ 2

ప్రియమైన మిత్సుయోకి,

ఈ కోడిగీతలు చూసి భయపడకు. రోజుకో పేజీ ఎడమ చేత్తో రాయాలని ఇక్కడ వ్యాయామం చేయించే అమ్మాయి హుకుం. కుడి చెయ్యి ఇంకా నా మాట వినడం లేదు. మాట కూడా ముద్దగా వస్తోంది, అందుకే నువ్వు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ముప్పై ఏళ్ళు మన కాఫీ కొట్టుకి వచ్చినవాళ్ళందర్నీ "రికార్డు తిరుగుతుంటే మాట్లాడకండి" అని కసిరిన పాపం నాకే తగిలిందని పక్క మంచం ఆయన ఒకటే నవ్వు.

ఒక్క మాట. నేను వచ్చేదాకా కొట్టు తెరవకు. తెరిచినా రికార్డ్ ప్లేయర్ మూత తీయకు. ఆ సూది చేసిన ముసలాయన పోయి పదేళ్ళయింది. అలాంటిది ఇక దొరకదు. మూత తీయనని ఒట్టు పెట్టి రాయి.

నీ ఇసావో

సకాతా, జూన్ 6

ప్రియమైన మాస్టర్ గారికి,

(కాఫీ కొట్టు యజమానిని అందరూ అలాగే పిలుస్తారు, నేను పిలిస్తే తప్పేంటి?) ఉత్తరం వాతావరణం సంగతితో మొదలుపెట్టడం మర్యాద కాబట్టి రాస్తున్నాను: వాన. నిన్నా వానే.

మీ ఉత్తరం అందేసరికే కొట్టు తెరిచేశాను. తెరవక ఏం చేయను? రెండు వారాలు షట్టరు దించి ఉండేసరికి మీరు పోయారనుకుని కూరగాయల కొట్టు ఆవిడ మీ ఫోటో ముందు వెలిగించడానికి అగరొత్తుల కట్ట పట్టుకొచ్చింది. మీరు బతికే ఉన్నారన్నాక ఆ కట్ట ఇవ్వాలో, వెనక్కి పట్టుకుపోవాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయింది.

సూదికేం కాలేదు. నిక్షేపంగా ఉంది. దాని గురించి ఆలోచించకండి. మీకు ఏ ఆందోళనా పనికిరాదని డాక్టరు గారు నాకు మరీ మరీ చెప్పారు. పాటలు చక్కగా వస్తున్నాయి. రోజూ వచ్చేవాళ్ళు ఎవరూ మానలేదు. ఓబా గారు వస్తున్నారు. శిరాయిషి గారు వస్తున్నారు. సూది నిక్షేపంగా ఉంది.

అన్నం వదిలేయకుండా తినండి.

మీ మిత్సుయో

ఆసుపత్రి, జూన్ 11

ప్రియమైన మిత్సుయోకి,

నిన్న ఓబా గారు చూడ్డానికొచ్చారు. చేపల వేలంపాటలో అరిచి అరిచి అరిగిన గొంతు కదా, గుసగుసలాడినా వార్డంతా వినబడుతుంది. "మాస్టర్, కొట్టులో దగ్గడానికి కూడా సందు దొరకడం లేదండీ! పాట మీద పాట, పాట మీద పాట. మీ ఆవిడ రికార్డు ఎప్పుడు తిప్పుతోంది? మింగేసిన దగ్గు ఎన్నాళ్ళని దాచుకోవాలి?" అన్నారు.

ఆయన నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఇరవై నిమిషాలకోసారి రికార్డు రెండో పక్కకి తిప్పాలి. ఆ కాస్త ఖాళీలోనే కదా అందరూ గొంతు సవరించుకునేది, కుర్చీ జరుపుకునేది, ఇంకో కాఫీ అడిగేది. ఆ ఖాళీ ఏమైంది? వేసిన పాట ఏదో తెలిసేలా బల్ల మీద రికార్డు అట్ట మాత్రం ఎప్పట్లాగే నిలబెట్టి ఉంటోందట.

నువ్వు ఒట్టు పెట్టలేదు. అది అప్పుడే గమనించాను. మిత్సుయో, మూత తీశావా? తీస్తే ఏం చూశావు? రాత్రి నిద్ర పట్టలేదు. ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ ఇసావో

సకాతా, జూన్ 14

ప్రియమైన మీకు,

ముందు మంచం మీద ఆనుకుని కూర్చోండి. నర్సు దగ్గర్లో ఉందో లేదో చూసుకుని తర్వాత చదవండి.

సూది విరగ్గొట్టాను.

తెరిచిన మొదటి రోజే. మూత తీసి, సూది ఉండే కడ్డీ ఎత్తాను. అది నా వేళ్ళలోంచి జారింది. మళ్ళీ ఎత్తి చూస్తే సూది పుల్ల పక్కకి వంగిపోయి ఉంది. బయట నలుగురు గొడుగులు దులుపుకుంటున్నారు. మా తమ్ముడు యోషిహారుకి ఫోన్ చేశాను. వాడు పరుగున వచ్చి, ఏదో చిన్న డబ్బీ తగిలించి, తన ఫోన్‌లోంచి వైరు లేకుండా గాలిలోనే మీ స్పీకర్లకి పాట పంపాడు. చప్పిడి గంజిలా ఉంది. ఆ రోజు చిల్లర లెక్కపెట్టే నెపంతో వంటగదిలో దాక్కున్నాను.

మర్నాడు వాడు స్ట్రీమర్ తెచ్చాడు. ఇంటర్నెట్టు నుంచి పాట అందుకుని మీ యాంప్లిఫయరుకి ఇచ్చే పెట్టె, మన టిఫిన్ డబ్బా అంత. కర్టెన్ వెనక పెట్టి, ముందు అట్ట నిలబెట్టాను. మొదట్లో డోలు దెబ్బా, గుసగుసా ఒకే ఎత్తులో వినబడేవి. ఏ చప్పుడూ మరో చప్పుడు కన్నా గట్టిగా రాకుండా చేసే మీట ఏదో అందులో ముందే వేసి ఉందట, యోషిహారు వెతికి ఆపేశాడు. తర్వాత ఇంటర్నెట్టు వైరు లాగి గోడకి కలిపాడు. దానితో వచ్చిన చవక కరెంటు అడాప్టరు తీసేసి మంచిది పెట్టాడు. ఒక్కొక్కటి మార్చినప్పుడల్లా ఏదో పొర ఊడినట్టయింది. నాలుగో రోజున పాటలో బాస్ తీగలు వాయించే ఆయన ఊపిరి పీల్చుకోవడం వినబడింది.

నాకు అదే ఎక్కువ భయమేసింది. బాగుంది. మీరు నానా మాటలూ అనే ఇలాంటి పెట్టె, బాగుంది. మీ సూది విరగ్గొట్టింది చాలక దీన్ని మెచ్చుకుంటున్నానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. ధ్వని మీదే ధ్యాస పెట్టి, రికార్డు తిప్పాలన్న సంగతే మరిచిపోయాను. ఎంత బుద్ధి తక్కువదాన్నో చూడండి. వచ్చినవాళ్ళ చెవుల్ని మోసం చేద్దామనుకుంటే వాళ్ళ గొంతులు కనిపెట్టేశాయి.

ఇప్పుడు ఎవరు తలుపు తోసినా ముందు పరుగున వెళ్ళి కర్టెన్ సర్దుతున్నాను. మీరు తిట్టండి, కానీ మీ బీపీ చూపించుకున్నాక తిట్టండి.

మీ మిత్సుయో

ఆసుపత్రి, జూన్ 17

ప్రియమైన మిత్సుయోకి,

సూది నువ్వు విరగ్గొట్టలేదు.

నువ్వు మీ అక్క వాళ్ళింటికి వెళ్ళిన రోజు, పొద్దున తొమ్మిదింటికి రికార్డు పెట్టి సూది దించుతున్నాను. చెయ్యి నాది కానట్టు దాని మీద పడిపోయింది. పుల్ల వంగింది. చెయ్యి ఎందుకు పడిందని ఆలోచించలేదు. సూది వంగిందనే ఆలోచించాను. పట్టకారు తీసుకుని ఎడమ చేత్తో సరిచేయబోయాను. కుడి చేతి వేళ్ళు మొద్దుబారాయి, మూతి ఒక పక్కకి లాగింది. ఫోన్ నా మోచేతి పక్కనే ఉంది. నీకు చేస్తే సూది సంగతి కూడా చెప్పాలి. ముందు ఇది సరిచేసి చెబుదామనుకున్నాను. నువ్వు వచ్చేసరికి రెండయింది. నీ అడుగుల చప్పుడు విని మూత వేశాను. "ఇప్పుడే కాస్త తల తిరిగింది" అన్నాను.

ముందే వచ్చి ఉంటే చెయ్యి చాలావరకు దక్కేదని డాక్టరు అన్నాడు. నీకు చెప్పొద్దని ఆయన్ని బతిమాలాను. నువ్వు మూత తీస్తే అంతా తెలిసిపోతుందని ఇన్నాళ్ళూ వణికాను. నా తప్పు నువ్వు నెత్తిన వేసుకుని మోస్తుంటే ఇక దాచలేకపోయాను. నా మీద కోపంగా ఉందా?

ఇసావో

సకాతా, జూన్ 19

మీకు,

ఇవాళ అట్ట పెట్టలేదు. కర్టెన్ తీసేసి స్ట్రీమర్‌ని బల్ల మీదే పెట్టి, సూది విరిగిందని అందరికీ చెప్పాను. శిరాయిషి గారు కాఫీ సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ వస్తారో రారో తెలియదు. మిగిలినవాళ్ళు కూర్చున్నారు. చివర్లో ఓబా గారు, "రెండో రోజే తెలుసమ్మా, అడిగితే ఏడుస్తావని ఊరుకున్నాం" అన్నారు.

కోపంగా ఉందా అని అడిగారు. ఉంది. ఉత్తరం చదివి ముందు మెట్ల మీద కూలబడి ఏడ్చాను, తర్వాత కోపమొచ్చింది, ఇంకా దిగలేదు. రేపు మొదటి బస్సుకి వస్తున్నాను. వార్డంతా వినబడేలా తిడతాను, పక్క మంచం ఆయనకి ముందే చెప్పి ఉంచండి.

ఐదు గంటలు! పక్కనే ఫోన్ పెట్టుకుని ఐదు గంటలు! సూది పోతే యోషిహారు పెట్టె తెచ్చాడు. మీరు పోతే వాడు నాకేం తెచ్చేవాడు?

మిత్సుయో