వ్యాసార్థం రెండింతలైతే

మంగళవారం

పొద్దున ఇంటర్ పిల్లలకు సైక్లోట్రాన్ లెక్క చేయించాను. ఆ యంత్రంలో కణం వేగం పుంజుకుంటూ, తిరుగుతూ తిరుగుతూ బయటి చుట్టుకు వస్తుంది. ఆ చుట్టు వ్యాసార్థం రెండింతలైతే కణం శక్తి ఎన్నింతలవుతుందని అడిగితే, క్లాసు మొత్తం "రెండింతలు సార్" అంది. ఒళ్లు మండింది. వర్గం చెయ్యాలిరా, నాలుగింతలు అని చాక్‌పీస్ విరిగేలా బోర్డు మీద రాశాను. ఏటా ఇదే తప్పు.

మధ్యాహ్నం సెలవు పెట్టి మా ఆవిడ రమణిని రాజమండ్రి తీసుకెళ్లాను. డాక్టరు గారు కొత్త స్కాన్ చూసి, కాలేయంలో గడ్డ అడ్డకొలత రెండింతలైందన్నారు. మందు మార్చి చూద్దామన్నారు. ఆ తర్వాత ఏమన్నారో నా చెవికెక్కలేదు. గడ్డకు వర్గం కాదు, ఘనం చెయ్యాలి. ఎనిమిదింతలు.

తిరుగు బస్సులో రమణి కిటికీ పక్కన కూర్చుంది. వంతెన దాటాక నా చెయ్యి పట్టుకుంది.

"అలా అయిపోతారేంటండీ? రెండింతలే కదా పెరిగింది."

ఇన్నేళ్లలో ఆ జవాబు చెప్పిన ఏ పిల్లాణ్నీ నేను ఊరికే వదల్లేదు.

"అంతే. రెండింతలే" అన్నాను.