సరిత నోట్సులో కుడివైపు పేజీలు

మంగళవారం రాత్రి, మహబూబాబాద్

గురువారం అర్థశాస్త్రం పరీక్ష. ఈసారి కూడా తప్పితే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది; డిగ్రీ ఆశ అక్కడితో ముగుస్తుంది. ఎరువుల దుకాణం విడిచి తరగతులకు వెళ్లలేని నాకు విద్యార్థుల నోట్సే ఆధారం. అందుకే అడిగి తెచ్చుకున్న రెండింటినీ తేదీలు, శీర్షికలు, దస్తూరీ చూసి బేరీజు వేశాను. ప్రవీణ్ రాత ముత్యాల్లా ఉంది, కాని బోర్డు మీది వాక్యాలు తప్ప మరేమీ లేవు. నిరుడు అలాంటివే కంఠస్థం చేసి తప్పాను.

సరిత నోట్సు చిందరవందరగా ఉన్నా, ప్రతి సూత్రానికీ కుడి పేజీ నిండా వివరణ ఉంది. అక్షరాలు తెలుగువే, భాష లంబాడీ. తడబడకుండా చదవగలను, ఒక్క ముక్కా అర్థం కాదు.

సాయంత్రం సరిత దుకాణానికి వస్తే, ఇలా ఎందుకు రాశావని అడిగాను.

"సార్ మాటలు నాకు యాదికుండయి కాకా. మా తండా మాటల రాసుకుంటే మర్వ."

"మరి నా సంగతేంది బిడ్డా?"

"రెండు దినాలల్ల మా మాట నేర్చుకుంటవా?" అని నవ్వింది. "రేపు బయ్యారం బస్సెక్కే ముందు అర్ధగంట కూసుంటా. ఏ పాఠాలు చెప్పాల్నో చూసి పెట్టుకో. బుక్కు అప్పుడు తీస్కపోత, నాకూ పరీక్షనే గదా."

వచ్చిన పాఠాలను కొట్టివేసి మిగిలినవి అడుగుదామని శీర్షికలన్నీ వరుసగా రాశాను. కంఠతా అన్నీ వచ్చు. సరితలా నా మాటల్లో చెప్పగలనా అని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. ఇంతవరకు ఒక్కదాన్నీ కొట్టివేయలేకపోయాను.