నట్ల మీది ఎర్రగీతలు

మార్గశిరం, మంగళవారం. మంచు పట్టింది. పొద్దున చెరుకుకు నీళ్లు పెడుతుండగా మోటారు బేరింగు పోయింది.

గంగామణీ, మోటారు అదురుకు నట్లు వదులైతే తెలియాలని, ప్రతి నట్టు మీంచి కింది దిమ్మె మీదికి గోళ్లరంగుతో గీత గీశావు. "గీత ఇరిగితే నట్టు తిరిగినట్టే, సూస్కో" అన్నావు. నువ్వు పోయి ఏడాదైంది. ఒక్క గీతా విరగలేదు.

మోస్రా నుంచి మెకానిక్ సాయిలు వచ్చాడు.

"గీ సింగారమేందే అన్నా, మోటారుకు పెండ్లా?" అని నవ్వి పానా పెట్టాడు.

ఆగమన్నాను.

"నట్లు ఇప్పకుంటే మోటారెట్ల దించాలె? చెరుకు ఎండుతది."

పానా అందుకుని నేనే తిప్పాను. గీతలన్నీ విరిగాయి.

సాయిలు బేరింగు మార్చాడు. నట్లు మళ్లీ బిగించాను. సాయంత్రానికి మోటారు నడిచింది. నీ గోళ్లరంగు సీసా మూత పట్టేసింది. వేడినీళ్లలో పెట్టి తిప్పితే వచ్చింది. రంగు ఇంకా ఎండలేదు. మొదటి నట్టు దగ్గర కూర్చుని, కుంచె బయటికి తీసి, నువ్వు గీసినట్టే దిమ్మె మీదికి గీత గీశాను.